మాట్లాడటం కూడా పాఠమే
(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారిని తలుచుకుంటూ ఏటా చదువుకు సంబంధించిన ఒక విషయం మీద ఉపన్యాసం ఏర్పాటు చేయడం ఈ సంఘం ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించినందుకు కృతజ్ఞతలు. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనడం తప్ప ఏడాది పొడుగునా తరగతిలో మరో మాట వినిపించని పిల్లల గురించి ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లకు ఆయన పద్ధతి ఒకటి గుర్తుండే ఉంటుంది. ప్రశ్న అడగ్గానే చేతులెత్తినవాళ్ల వైపు ఆయన చూసేవారు కాదు. ముందు అందరినీ నోటుపుస్తకంలో జవాబు రాయమనేవారు. తర్వాత పక్కవాళ్లతో సరిచూసుకోమనేవారు. అప్పుడు ఒకరిని లేపేవారు. లేచిన పిల్లవాడి చేతిలో అప్పటికే రాసుకున్న జవాబుండేది, అది సరేనన్న స్నేహితుడు పక్కనే ఉండేవాడు. ఎంత బిడియస్తుడైనా ఆ రెండింటి బలంతో నాలుగు మాటలు చెప్పి కూర్చునేవాడు. బడిపిల్లల మనసులతో పనిచేయడం నా వృత్తి అయ్యాక, ఆ చిన్న ఏర్పాటులో ఎంత ఆలోచన ఉందో నాకు అర్థమైంది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. బిడియపడే పిల్లలకు ‘ధైర్యంగా మాట్లాడు’ అని చెప్పడం సాయం కాదు. నలుగురిలో మాట్లాడటం బడిలో నేర్పవలసిన పాఠం. దానికి ఒక క్రమం ఉండాలి, సాధన ఉండాలి, తడబడితే నవ్వని తోటివాళ్లు ఉండాలి. ఈ మూడూ సమకూర్చవలసింది పిల్లవాడు కాదు, బడి.

మెచ్చుకోలు చాటున

స్టాఫ్‌రూంలో మనం ఎవరి గురించి మాట్లాడుకుంటాం? గోడ దూకినవాడి గురించి, కొట్లాడినవాడి గురించి, ఫస్టు మార్కు తెచ్చుకున్న అమ్మాయి గురించి. బిడియస్తుల పేర్లు అక్కడ రావు. తల్లిదండ్రుల సమావేశంలో వాళ్ల అమ్మానాన్నలతో మనం అనేదీ ఒకే మాట: ‘మీవాడితో ఏ గొడవా లేదండీ, ఎవరి జోలికీ పోడు.’ ఆడపిల్ల అయితే ఆ మెచ్చుకోలు ఇంకా ఎక్కువ. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాల్లో మంచి పేరు కూడా వస్తుంది.

ఆ మంచి పేరుకు పిల్ల కట్టే మూల్యం మనకు కనబడదు. లెక్క అర్థం కాకపోతే అడగదు. బాత్రూముకు వెళ్లాలన్నా అడగలేక బెల్లు కొట్టేదాకా ఓర్చుకుంటుంది. హాస్టల్లో రెండోసారి అన్నం అడగదు. జ్వరం వస్తే వార్డెన్‌కు చెప్పదు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోలేదు. అన్నిటికంటే భయంకరమైనది, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను మనం హాస్యంగా వాడుకుంటాం కానీ, ఈ పిల్లల విషయంలో అది అక్షరాలా నిజం. అడగలేనివాళ్లకు బడి కూడా ఏమీ పెట్టడం లేదు.

బిడియం రోగం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బిడియం చాలామందిలో ఉంటుంది. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ జింబార్డో 1970ల్లో దీని మీద సర్వేలు చేశారు. తాము బిడియస్తులమని నూటికి 40 మంది దాకా చెప్పుకున్నారు. పైకి చలాకీగా కనిపించేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆయన 1975లో బిడియస్తుల కోసమే ఒక క్లినిక్ ప్రారంభించి, 1977లో ఆ విషయం మీద అందరికీ అర్థమయ్యే పుస్తకం రాశారు.

పుట్టుకతో వచ్చే స్వభావం కూడా ఇందులో కొంత ఉంది. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసివాళ్లకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు వినిపించి గమనించారు. సుమారు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా ఆడిస్తూ బెంబేలెత్తి ఏడ్చారు. వాళ్లలో కొందరు పెరిగాక కొత్తవాళ్ల ముందు బెదిరే పిల్లలయ్యారు. అయితే అందరూ అలా కాలేదు. స్వభావం కొంత దూరమే నిర్ణయిస్తుంది. మిగతాది ఇల్లూ, బడీ, సాధనా నిర్ణయిస్తాయి. మన ఆశంతా అక్కడే ఉంది.

ఒంటరిగా పుస్తకం చదువుకోవడం ఇష్టమైన పిల్లవాడు వేరు. అవసరమైనప్పుడు అతను మాట్లాడగలడు, మాట్లాడకపోయినా బాధపడడు. అతన్ని మార్చాల్సిన పని లేదు. కలవాలని, ఆటలో చేరాలని లోపల ఎంతో కోరిక ఉండి కూడా కాళ్లు ముందుకు పడనివాడు వేరు. మనం చేయి అందించవలసింది ఇతనికి. ఇక భయం ఎంతగా పెరిగిందంటే బడి మానేస్తున్నాడు, పరీక్షల్లో వైవా ఉందంటే వాంతులవుతున్నాయి, నెలల తరబడి అదే స్థితి, అలాంటప్పుడు అది వైద్యసహాయం అవసరమైన సామాజిక ఆందోళన. అది ఎక్కువగా 8 నుంచి 15 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. అంటే సరిగ్గా మన తరగతి గదుల్లో, మన కళ్లముందు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. అరుస్తున్న సమస్యలు మన దృష్టికి వస్తాయి, మౌనంగా ఉన్నవి రావు.

మౌనంగా ఉన్న ప్రతి పిల్లా బిడియస్తురాలు కాదన్న సంగతి కూడా మరిచిపోవద్దు. చెవి సరిగా వినబడని పిల్ల ఉండవచ్చు. నత్తి ఉన్న పిల్లవాడు ఉండవచ్చు. ఇంట్లో పెద్ద దుఃఖం జరిగి ఉండవచ్చు. నిన్నటిదాకా గలగలా మాట్లాడి ఇవాళ హఠాత్తుగా మూగబోయిన పిల్ల కనబడితే, శిక్షణ సంగతి పక్కన పెట్టి ముందు ఏం జరిగిందో నెమ్మదిగా కనుక్కోవాలి.

లోపల జరిగేదేమిటి

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1995లో ఈ భయం ఎలా పనిచేస్తుందో విడమరిచారు. మాట్లాడాల్సి వచ్చిన క్షణంలో పిల్లవాడి ధ్యాస ఎదుటి మనిషి మీద ఉండదు, తన మీదికి తిరుగుతుంది. నా గొంతు వణుకుతోందా, నా ముఖం ఎర్రబడిందా, అందరూ నన్నే చూస్తున్నారా. ఎదుటివాళ్లు నిజంగా ఏమన్నారో, నవ్వారో నవ్వలేదో అతను చూడనే చూడడు. అంతా అయిపోయాక రాత్రి పడుకుని, తడబడిన ఆ ఒక్క మాటనే వందసార్లు గుర్తు చేసుకుని కుమిలిపోతాడు.

ఈ బాధ తప్పించుకోవడానికి పిల్లలు తమకు తామే కొన్ని ఉపాయాలు కనిపెట్టుకుంటారు. మీరు రేపు తరగతిలో గమనించండి. పాఠం చదివించే వరస తన బెంచీ దగ్గరికి వస్తుండగా మంచినీళ్లకని లేచేవాడు ఒకడు. స్తంభం చాటున చోటు చూసుకునేవాడు ఒకడు. తల వంచి ఏదో రాస్తున్నట్టు నటించే అమ్మాయి. ప్రతి మాటా స్నేహితురాలి చెవిలో చెప్పి ఆమె చేత అడిగించే అమ్మాయి. ఈ ఉపాయాలు ఆ పూటకు కాపాడతాయి. కానీ మాట్లాడినా ఏ ప్రళయమూ రాదని తెలుసుకునే అవకాశాన్ని అవే దూరం చేస్తాయి. అందుకే ఏళ్లు గడిచినా భయం తగ్గదు.

నేర్పవచ్చునని ఎలా తెలిసింది

మనుషులతో మెలగడం ఒక నైపుణ్యమని, మిగతా నైపుణ్యాల్లాగే అది కూడా సాధనతో వస్తుందని గట్టిగా చెప్పినవారు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మైకేల్ ఆర్గైల్. 1967లో ఆడమ్ కెండన్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఆయన దాన్ని కారు నడపడం వంటి పనులతో పోల్చారు. డ్రైవరు దారి చూస్తూ చేతులు సవరించుకున్నట్టే, మాట్లాడేవాడు ఎదుటివాడి ముఖం చూస్తూ మాట సవరించుకుంటాడు. తిడితే కారు నడపడం రాదు. పక్కన కూర్చుని నేర్పితే వస్తుంది.

1969లో రాబర్ట్ ఓకానర్ అనే పరిశోధకుడు, నర్సరీలో ఒంటరిగా ఉండిపోయే పిల్లలకు ఒక చిన్న సినిమా చూపించారు. నిడివి 23 నిమిషాలు. ఒక పిల్లవాడు ఆడుకునేవాళ్లను దూరం నుంచి చూడటం, దగ్గరికి వెళ్లడం, చేరడం, వాళ్లు సంతోషంగా కలుపుకోవడం అందులో ఉన్నాయి. ఆ సినిమా చూసిన పిల్లలు తోటివాళ్లతో కలవడం పెరిగింది. 1977లో షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ మూడు, నాలుగు తరగతుల్లో ఎవరూ ఆటకు పిలవని పిల్లలకు ఆటలో ఎలా చేరాలో, వంతు ఎలా ఇవ్వాలో, ఎదుటివాళ్లను ఎలా మెచ్చుకోవాలో విడిగా నేర్పారు. నేర్చుకున్న వెంటనే తోటివాళ్లతో ఆడించి సాధన చేయించారు. వాళ్లతో ఆడటానికి ఇష్టపడే పిల్లల సంఖ్య పెరిగింది. ఏమీ నేర్పకుండా ఊరికే కలిపి ఆడించినవాళ్లలో ఆ మార్పు రాలేదు. గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. నలుగురిలో పడేస్తే వాడే నేర్చుకుంటాడని మనం తరచూ అంటుంటాం. పడేస్తే చాలదు, నేర్పాలి కూడా.

కౌమారంలోని పిల్లలకు బడిలోనే ఈ శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని కేరీ మాసియా వార్నర్, ఆమె సహచరులు న్యూయార్క్‌లో రూపొందించారు. వారానికి ఒకసారి 40 నిమిషాల చొప్పున 12 సమావేశాలు. అందులో నాలుగు నైపుణ్యాలు నేర్పుతారు. మాట మొదలుపెట్టడం. మాట కొనసాగించి స్నేహం చేసుకోవడం. ఎదుటివాళ్లు చెప్పింది విని గుర్తుపెట్టుకోవడం. మర్యాద తప్పకుండా తనకు కావలసింది అడగడం, అక్కర్లేనిది వద్దనడం. వీటితోపాటు భయపడే పనుల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా చేయిస్తారు. పిల్లలతో విడిగా రెండుసార్లు, తల్లిదండ్రులతో రెండుసార్లు, ఉపాధ్యాయులతో రెండుసార్లు మాట్లాడతారు. అదే బడిలోని కలుపుగోలు పిల్లల్ని కొందరిని తోడుగా తీసుకుని నాలుగుసార్లు సరదాగా బయటికి తీసుకెళతారు.

ఫలితాలు 2005లో వెలువడ్డాయి. పాల్గొన్నవారు 35 మందే. శిక్షణ పొందినవాళ్లలో నూటికి 67 మందికి సామాజిక ఆందోళన ఉందని చెప్పే లక్షణాలు లేకుండాపోయాయి. వంతు కోసం ఎదురుచూస్తున్న జట్టులో అలా బయటపడ్డవాళ్లు నూటికి 6 మంది. చిన్న అధ్యయనమే కానీ, అంతకుముందు 2000లో డెబొరా బైడెల్ బృందం 8 నుంచి 12 ఏళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలోనూ దాదాపు ఇదే తేడా కనిపించింది. అక్కడ శిక్షణ పొందినవాళ్లలో 67 శాతం, చదువు మెలకువలు మాత్రమే నేర్చుకున్నవాళ్లలో 5 శాతం.

ఒక తరగతిని దగ్గరగా చూద్దాం

అంకెలు ఒక ఎత్తు. ఈ శిక్షణ ఎలా జరుగుతుందో చూడటం ఒక ఎత్తు. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆఖరి పీరియడు. సైన్సు ల్యాబులో బల్లలు గోడకు జరిపి, తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు. ఒక అమ్మాయి తాను భయపడే పనులను కాగితం మీద కింది నుంచి పైకి రాసుకుంది. ఒక్కోదానికి పదికి ఇన్ని అని భయం మార్కులు వేసుకుంది. అట్టడుగున, పక్క సెక్షను అమ్మాయిని హోంవర్కు ఏమిచ్చారని అడగడం: మూడు. దాని మీద, లైబ్రరీ సార్‌ను పుస్తకం అడగడం: ఐదు. ఇంకా పైన, లెక్కల సార్‌తో ‘అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి’ అనడం: తొమ్మిది. అన్నిటికీ పైన, ప్రార్థనలో వార్తలు చదవడం: పది.

కింది రెండూ అప్పటికే చేసేసింది. ఆ రోజు లెక్కల సార్ వంతు. జట్టులో ఒక అబ్బాయి చాక్‌పీసు పట్టుకుని సార్‌గా నిలబడ్డాడు. మొదటిసారి ఆ అమ్మాయి నేల చూస్తూ ఏదో అంది, పక్కనున్నవాళ్లకు కూడా వినిపించలేదు. ‘బాగా చేసిందేమిటో ముందు చెప్పండి’ అన్నారు నడుపుతున్న మేడం. ‘సార్ అని పిలిచింది’ అన్నాడు ఒకడు. ‘వెనక్కి పోకుండా నిలబడింది’ అంది ఇంకో అమ్మాయి. ‘మరి మార్చుకోవలసింది ఒక్కటే చెప్పండి.’ గొంతు. అప్పుడు మేడం తానే లేచి అడిగి చూపించారు. కావాలనే మధ్యలో ఒకచోట తడబడి, ఆగి, మళ్లీ అందుకున్నారు. తడబడ్డాక కూడా మాట పూర్తి చేయవచ్చని పిల్లలు చూడాలని.

రెండోసారి గొంతు వినిపించింది. మూడోసారి సార్ వేషంలో ఉన్న అబ్బాయి ముఖం చిట్లించి, ‘ఇందాకే చెప్పానుగా!’ అన్నాడు. అమ్మాయి బిగుసుకుపోయింది. ఇలా అంటే ఏం చెప్పాలి? జట్టంతా ఆలోచించింది. చివరికి ఒక మాట కుదిరింది: ‘అవును సార్, రెండో లైను దగ్గర ఆగిపోయాను.’ ఆ వాక్యం ఆమె నాలుగైదుసార్లు అంది. తర్వాతిసారి నవ్వుతూ అంది.

మర్నాడు స్నేహితురాలిని తోడు తీసుకుని స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరికి వెళ్లింది. వెళ్లేముందు కాగితం మీద ‘సార్ విసుక్కుంటారు’ అని రాసుకుంది, భయం తొమ్మిది అని వేసుకుంది. సార్ అన్న మాట: ‘ఏ లెక్క?’ అంతే. కారణాంకాల లెక్క చూపించి, రెండో లైను నుంచి చెప్పించుకుని వచ్చింది. తిరిగొచ్చి భయం నాలుగు అని వేసుకుంది. అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి అని తన చేతిరాతలోనే తనకు కనబడింది. ఎవరెన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని నమ్మకం ఆ రెండు అంకెల వల్ల వస్తుంది.

మన నేల మీద

ఈ పద్ధతిని విదేశీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుకుంటే మన పిల్లలకు నప్పదు. ఆ పుస్తకాలు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడమంటాయి. మన ఇళ్లలో పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడటాన్ని పొగరు కింద జమకడతారు. కాబట్టి నేను పిల్లలకు, మాట మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడు ఒకసారి ముఖం వైపు చూస్తే చాలని చెబుతాను.

మాట కలపడం సంగతీ అంతే. ‘తిన్నావా?’ మన దగ్గర అందరికీ పనికొచ్చే మంచి పలకరింపు. ‘ఏ ఊరు మీది?’ కూడా మంచిదే. కానీ ఊరు తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత ‘మీరేవిట్లు?’ అనే ప్రశ్న వరసగా వచ్చేస్తాయి. ఆ మూడో ప్రశ్న దగ్గర ఎంతమంది పిల్లల నోళ్లు మూతబడుతున్నాయో మనం ఒప్పుకోవాలి. ఆ దారి పట్టకుండా నిన్నటి మ్యాచ్ గురించో, పరీక్ష గురించో, క్యారియర్‌లో ఏం కూర తెచ్చావనో మాట సాగించడం నేర్పాలి. కులం అడగకుండా స్నేహం చేయడం కూడా సామాజిక నైపుణ్యమే. ఇది బిడియస్తులకన్నా ముందు మిగతావాళ్లు నేర్చుకోవలసింది.

యాస మరో అడ్డుగోడ. శ్రీకాకుళం నుంచి విజయవాడ హాస్టలుకు వచ్చిన పిల్ల, ఆదిలాబాదు నుంచి హైదరాబాదు వచ్చిన పిల్లవాడు మొదటి వారంలో నోరు విప్పగానే నలుగురూ నవ్వుతారు. అంతటితో ఆ నోరు మూసుకుపోతుంది. ఇంట్లో గోండీ, కోయ, సవర మాట్లాడే పిల్లల కష్టం ఇంకా ఎక్కువ. బడిలో బతికి ఉన్న భాష వినబడాలని గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట పోరాడారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న వక్తృత్వ పోటీలు పెడతాం. ఆ పోటీలో ఏ యాసలో మాట్లాడినా మార్కులు తగ్గవని ముందుగానే ప్రకటిస్తే ఆయన గౌరవం ఇంకా నిలుస్తుంది. ఇక తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బళ్లలో, ఇంగ్లీషు రాని పిల్లవాడికి మౌనమే దిక్కు. దాన్ని బిడియమని పేరు పెట్టి అతని మీద తోసేయడం అన్యాయం.

మొహమాటం సంగతి కూడా చెప్పాలి. వద్దనలేకపోవడాన్ని మనం మంచితనం కింద పెంచుతాం. రికార్డు పుస్తకం అడిగితే ఇచ్చేస్తాడు, అది తిరిగి అడగలేడు. పరీక్షలో చూపించమంటే చూపిస్తాడు. ఫోటో పంపమని ఒకడు వేధిస్తుంటే ఆ అమ్మాయి ‘పంపను’ అని గట్టిగా అనలేదు. ఆ మూడక్షరాలు గొంతెత్తి అనడం తరగతి గదిలోనే సాధన చేయించాలి. అది దురుసుతనం కాదు, ఆత్మరక్షణ.

చేయకూడనివి

మేలు చేద్దామనుకునే మనం చేసే కీడు కొంత ఉంది. పెళ్లిలో చుట్టాలందరి ముందూ ‘పాట పాడమ్మా’ అని బలవంతపెట్టడం. భయం పోతుందని మొదటిరోజే మైకు ముందుకు నెట్టడం. ‘మూగమొద్దు’ అని పేరు పెట్టడం. పక్కింటివాళ్లు పిల్లను ఏదైనా అడిగితే ఆమె నోరు తెరిచేలోపే అమ్మ జవాబు చెప్పేయడం. మొదటిసారి చెయ్యెత్తిన పిల్లవాడిని చూసి ‘అబ్బో, ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడు’ అనడం. ఈ ఒక్క మాటతో ఆ చెయ్యి మళ్లీ లేవదు. బిడియపడే పిల్లలను మెచ్చుకోవాలంటే పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి నెమ్మదిగా మెచ్చుకోండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తరగతి ఒక పిల్లవాడిని ఏడిపిస్తుంటే శిక్షణ ఇవ్వవలసింది అతనికి కాదు. నవ్వేవాళ్లకు, చూసి ఊరుకునేవాళ్లకు, కొన్నిసార్లు వాళ్లతో కలిసి నవ్వే ఉపాధ్యాయులకు. భయపడటానికి న్యాయమైన కారణం ఉన్నప్పుడు పిల్లవాడిని ధైర్యంగా ఉండమనడం బాధ్యత తప్పించుకోవడమే.

ఎవరు చేయాలి

ఇదంతా మానసిక వైద్యులు చేయవలసిన పని కదా అని మీరు అడగవచ్చు. మాసియా వార్నర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 138 మంది విద్యార్థులున్నారు. కొందరికి మనస్తత్వ నిపుణులు, కొందరికి అదే శిక్షణను బడిలోని కౌన్సెలర్లు ఇచ్చారు. ఇద్దరి ఫలితాలకూ తేడా లేదు. శిక్షణ పొంది, సమయం దొరికితే బడిలోని మనిషే చేయగలడు.

మన దేశపు అనుభవం దీనికి తోడుగా రెండు పాఠాలు చెబుతుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌కు చెందిన శ్రీకళా భరత్, కిశోర్ కుమార్ ఉపాధ్యాయుల ద్వారా జీవన నైపుణ్యాలు నేర్పే పద్ధతిని తయారుచేశారు. 605 మంది విద్యార్థులను, ఆ పాఠాలు లేని 423 మందితో పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించారు. పాఠాలు నేర్చుకున్నవాళ్లలో ఆత్మగౌరవం, ఉపాధ్యాయులతో సర్దుబాటు మెరుగుపడ్డాయి. తోటి పిల్లలతో సర్దుబాటులో మాత్రం తేడా రాలేదు. అందరికీ కలిపి చెప్పే పాఠం మంచిదే, కానీ బిడియస్తులకు అది చాలదని దీన్నుంచి నేను గ్రహించాను. వాళ్లకు చిన్న జట్టు, విడి సాధన కావాలి.

రెండోది బీహార్‌లోని నలంద జిల్లాలో జరిగిన ‘సెహెర్’ ప్రయోగం. అది బిడియం కోసం ప్రత్యేకంగా చేసినది కాదు, బడి వాతావరణం మొత్తాన్ని మెరుగుపరచడానికి చేసినది. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఈ పని కోసమే నియమించిన, నిపుణులు కాని కౌన్సెలర్లు నడిపిన బళ్లలో వాతావరణం మెరుగుపడింది, వేధింపులు, కుంగుబాటు తగ్గాయి. ఉన్న ఉపాధ్యాయులకే అదనంగా అప్పగించిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇది ఉపాధ్యాయులను తప్పుపట్టే మాట కాదు. సిలబస్, యాప్‌లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీల మధ్య ఇంకో పని నెత్తిన పెడితే అది కాగితం మీదే మిగులుతుందని హెచ్చరించే మాట.

2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోమంటోంది. చట్రం ఉంది. అందులో సమయం, శిక్షణ, ఒక గది పెట్టాలి. బడి చేయి దాటిన భయం కనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా విన్నపం

ఉపాధ్యాయ మిత్రులారా, సోమవారం బడికి వెళ్లగానే హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఈ నెలలో తరగతిలో ఎవరెవరి గొంతు వినలేదో చూసి ఆ పేర్లు రాసుకోండి. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పించేముందు అందరికీ రాసుకునే సమయం ఇవ్వండి. ఆ పిల్లలకు మొదట చిన్న పనులు అప్పగించండి. పక్క తరగతికి ఒక కబురు, ఆఫీసులో ఒక ప్రశ్న, లైబ్రరీలో ఒక పుస్తకం. తోడుగా ఒక మంచి స్నేహితుణ్ని పంపండి.

ప్రధానోపాధ్యాయులారా, వచ్చే టైంటేబుల్లో వారానికి ఒక్క పీరియడు ఈ పిల్లల చిన్న జట్టుకు కేటాయించండి. దాన్ని నడిపే ఉపాధ్యాయుడి నెత్తి మీది వేరే పని ఒకటి తగ్గించండి. అధికారులారా, ప్రతి ఉన్నత పాఠశాలకూ, ప్రతి గురుకులానికీ, ప్రతి ఇంటర్ కాలేజీ హాస్టలుకూ పూర్తికాలం పనిచేసే ఒక కౌన్సెలర్‌ను ఇవ్వండి. ఈ సంఘం తరపున ఈ ఏడాది నుంచే ఉపాధ్యాయులకు ఈ శిక్షణ మొదలుపెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. దానికి నా సమయం, నాకు తెలిసిన పని మీవే.

పిల్లలారా, మీలో ఎవరికైనా మాట్లాడాలంటే గుండె దడదడలాడుతుంటే అది మీ ఒక్కరికే కాదు. అది తప్పు కాదు, చేతకానితనం అంతకన్నా కాదు. నేర్పమని మమ్మల్ని అడిగే హక్కు మీకుంది, నేర్పవలసిన బాధ్యత మాది.